ఒక్క ఇటుక చోటు

మా ఇంటిని కూల్చలేదు. నింపారు.

బార్లీ కోతలైన ఇరవయ్యో రోజు అది. పొద్దున్నే నేనూ మా అమ్మాయి గెమెతీ ఇల్లంతా ఊడ్చి, గోడలకు కొత్తగా మట్టి పూత పూశాం. చాపలూ కుండలూ ముందురోజే వీధిలోకి చేర్చేశాం. గుడి దిబ్బ కిందకు పోయే ఇల్లు ఏదైనా శుభ్రంగానే పోవాలి. పాత గుడి మీద కొత్త గుడి లేపేటప్పుడు కూడా తాతల నాటినుంచి మా ఊళ్ళో అలాగే చేస్తారు. పాతదాన్ని పడగొట్టరు. కడిగి, పూత పూసి, గదులన్నీ ఇటుకలతో నింపి, దాని నెత్తిన కడతారు. అమ్మవారి ఇంటికి జరిగే మర్యాదే మీ ఇంటికీ జరుగుతోందని వీధిలో నలుగురూ అన్నారు. నేను తల ఊపాను.

నడిమి గదిలో నేల కింద నా భార్య అషాగ్ ఉంది. చలికాలంలో పోయింది. అక్కడ నేలలోంచి మట్టి గొట్టం మూతి జానెడు పైకి లేచి ఉంటుంది. రోజూ పొద్దున్నే అందులో చెంబెడు నీళ్ళు పోస్తాం. నీళ్ళు అందని మనిషి కింద ఉండలేదు. పైకి వచ్చి వీధుల్లో తిరుగుతూ పశువులు తాగి వదిలిన మురుగుతో దాహం తీర్చుకుంటుంది. ఇది మా ఊళ్ళో మాటలు రాని పిల్లలకు కూడా తెలుసు. ఆఖరి రోజుల్లో అషాగ్ ఎక్కువ మాట్లాడలేదు. "నీళ్ళు మాత్రం మరిచిపోకండి" అంది. అంతే.

ఆ రోజు ఇటుకలు మోసుకొచ్చిన వరసలో అందరికంటే ముందున్నవాడు ఉర్దున్. అషాగ్ తమ్ముడు. పాలపళ్ళు ఊడకముందు నుంచి మా ఇంట్లోనే పెరిగినవాడు. ఇప్పుడు ఊరి గద అతని చేతిలో ఉంది. గద పట్టినవాణ్ణి మేం పెద్దమనిషి అంటాం. ఆ పెద్దమనిషి తట్ట నెత్తిన పెట్టుకుని, తల వంచి మా గడప దాటి లోపలికి వచ్చాడు. గొట్టం పక్కన తట్ట దించి, మూతి మీద అరచెయ్యి ఆనించి అలాగే కూర్చుండిపోయాడు. అతని భుజాలు కదలడం చూసి వెనకున్నవాళ్ళు గుమ్మం బయటే ఆగిపోయారు.

నేను అడగవలసింది అప్పుడే అడిగాను. గొట్టాన్ని పూడ్చవద్దని. దిబ్బ ఎంత లేస్తే అంత ఎత్తుకూ నేనే దానికి ముక్కలు జోడించుకుంటూ వస్తాననీ, ఇటుకలు పరిచే ప్రతిసారీ దానికోసం ఒక్క ఇటుక పట్టే చోటు వదలమనీ.

"అదేం అడగడం బావా," అన్నాడు మొహం తుడుచుకుంటూ. "అక్కకి నీళ్ళు నేనాపుతానా? పైదాకా వదిలేస్తా. అమ్మవారి పాదాల దగ్గర తేలుతుంది ఆ మూతి. ఎవరికి దక్కింది అట్లాంటి చోటు?"

గెమెతి తన కొంగుతో మేనమామ చేతుల మట్టి తుడిచింది. సాయంత్రానికి పైకప్పు దూలాలు తీసేశారు. గోడల ఎత్తు దాకా ఇటుకే. మధ్యలో ఒక్క ఇటుక చోటు, అందులో అప్పటికప్పుడు ముక్కలు జోడించి లేపిన గొట్టం మూతి. మా వంటగది ఎటువైపు ఉండేదో పైన నిలబడి చూస్తే నాకే తెలియలేదు.

ఆ గద ఉర్దున్ చేతికి ఎలా వచ్చిందో చెప్పాలి. అందులో నా చెయ్యి ఉంది.

కోతలు ముగుస్తుండగా కాలువ అవతలి ఊరివాళ్ళు వచ్చి గుడి గాదెలకు నిప్పు పెట్టిపోయారు. మాది నిసబ అమ్మవారి ఊరు. ధాన్యమూ ఆవిడదే, రాతా ఆవిడదే. ఆవిడ వాకిట్లోనే ఊరి తిండి కాలిపోతుంటే చూస్తూ నిలబడ్డాం. మర్నాడే సభ కూర్చుంది. గుడీ గాదెలూ ఇక పల్లంలో ఉండకూడదనీ, నిచ్చెనలు వేసినా అందనంత దిబ్బ లేపి దాని మీద కట్టాలనీ అందరూ ఒప్పుకున్నారు. అంత పని ఒక్కడి మాట మీదే నడవాలి. కాలువ గట్టు తెగినా, శత్రువు వచ్చినా ఒకరి చేతికి గద ఇవ్వడం మా ఆచారం. పని అయ్యాక గద అమ్మవారి ముందుకు చేరుతుంది, ఆ మనిషి తన పొలానికి పోతాడు. నేను పుట్టాక అయిదుగురు పెద్దమనుషులను చూశాను. అయిదుగురూ తర్వాత మా వీధిలో ఉల్లిపాయలు తవ్వుకున్నవాళ్ళే.

ఉర్దున్ పేరు ఎత్తింది నేను కాదు. మంటల్లోకి మూడుసార్లు దూరి ముగ్గురిని మోసుకొచ్చినవాడు అతను. ఆ పేరు అందరి నోటా ఒక్కసారే వచ్చింది.

పేచీ గడువు దగ్గర వచ్చింది. సభలో అందరికంటే పెద్ద పాబిల్గ తాత విత్తనాలు చల్లేదాకా చాలన్నాడు. కొందరు ముప్పు తప్పేదాకా అన్నారు. నేను గుడి బడిలో పలకల మీద రాత నేర్పేవాణ్ణి. సభ మాటను పలక మీద పెట్టేది నేనే కనుక, మాటలో సందు ఉంటే నాకు నిద్ర పట్టదు. కిందటిసారి ముప్పు తప్పిందా లేదా అని రెండు నెలలు కొట్టుకున్నాం. విత్తనాల నాటికి దిబ్బ సగంలో ఉంటే ఏం చేస్తాం? లేచి, కంటికి కనిపించే గడువు పెట్టమన్నాను. ఆఖరి ఇటుక పడేదాకా అని. ఇటుక పడిందో లేదో చూపు లేనివాడు కూడా తడిమి చెబుతాడన్నాను.

పాబిల్గ తాతకు అప్పటికే చూపు మందగించింది. "నన్నే అంటున్నాడ్రా పంతులు," అన్నాడు. సభంతా నవ్వింది. "మాట మాత్రం బాగుంది. రాయి."

తడి పలక మీద గద గుర్తు నొక్కాను. పక్కన దిబ్బ. దాని కొసన ఇటుక.

"బావా," అన్నాడు ఉర్దున్ అందరూ వినేలా, "ఆ ఇటుక పడిన పూటే గద తెచ్చి ఇక్కడ పెట్టకపోతే నేను అక్క చేతి రొట్టె తిన్నవాణ్ణే కాదు."

ఆ రోజు అతను నిజమే చెప్పాడని ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఆ వేసవంతా ఊరు ఇటుకే చేసింది. కాలువ గట్టు పొడవునా మట్టీ గడ్డీ తొక్కే కాళ్ళు. మా ఇటుక అడుగున చదునుగా, పైన పొంగిన రొట్టెలా ఉబ్బెత్తుగా ఉంటుంది. తడి ఆరకముందే చేసినవాళ్ళు బొటనవేలితో ఒక గుంట నొక్కుతారు. బడి మూసేసి నేనూ చేశాను. నా వేలి గుంటలున్న ఇటుకలు ఆ దిబ్బలో ఎక్కడున్నాయో ఎవరూ చెప్పలేరు.

బడి వెనక గదిలో తల దాచుకున్నాం. రోజూ పొద్దున్నే గెమెతి చెంబు తీసుకుని దిబ్బ ఎక్కేది, వెనక నేను. ఇటుకలు పెరిగినప్పుడల్లా కుమ్మరి అకల్లా మూరెడు ముక్క ఒకటి కాల్చి ఇచ్చేవాడు. అతుకుల దగ్గర తారు పూసి బిగించేవాళ్ళం. అకల్లా నాలుక మీద అదుపు లేని మనిషి.

"పంతులూ, ఈ లెక్కన మీ ఆవిడకి నీళ్ళు చేరేసరికి మళ్ళీ వరద కాలం వచ్చేట్టుంది," అన్నాడొకసారి. "బతికున్నప్పుడు కూడా ఇంత పొడుగు మాట ఆవిడతో నువ్వు ఆడి ఉండవు."

నేను నవ్వాను. అషాగ్ పోయాక నేను నవ్వింది అప్పుడే.

మొదట్లో నీళ్ళు పోయగానే కింద చప్పుడు వినిపించేది. వేసవి నడిమికి వచ్చేసరికి పోశాక కాసేపు ఆగి చెవి ఆనిస్తే వినిపించేది. తర్వాత గెమెతికి మాత్రమే వినిపించేది. "అందాయి నాన్నా" అనేది. నిజంగా వినే అంటోందా అని నేను అడగలేదు.

ఉర్దున్ మొదటి నెలంతా తట్ట మోశాడు. రెండో నెలలో అతని నెత్తిన ఎండ పడకుండా ఇద్దరు చాప పట్టుకుని నడిచారు. పనివాళ్ళు తగువులు తెచ్చేవాళ్ళు, తీర్చేవాడు. తగువు చెప్పుకునేవాడు కింద నిలబడాలి కనుక అతను ఒక మెట్టు పైన కూర్చునేవాడు. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఏ ఒక్కటీ అడ్డు చెప్పేంత పెద్దది కాదు.

ఒక పొద్దున మెట్ల దగ్గర ఈటెలు పట్టుకున్న ఇద్దరు మనుషులు గెమెతిని ఆపారు. మామయ్య పైనున్నాడా అని అడిగిందట. ఎవరికి మామయ్య, పెద్దమనిషిగారు అనాలి అన్నారట.

"మీ పెద్దమనిషిగారికి ముక్కు తుడిచింది మా అమ్మ," అంది గెమెతి. "ఆవిడకే నీళ్ళు తీసుకెళ్తున్నా. తప్పుకోండి."

వాళ్ళు నవ్వి దారిచ్చారు. ఆ తర్వాతి నెలలో ఆ మెట్ల దగ్గర ఎవరూ నవ్వలేదు.

దిబ్బ మీద గుడి గోడలు లేచాయి. గాదెలు లేచాయి. గాదెల పక్కన ఇంకో వరస గదులు లేస్తుంటే అవీ గాదెలేనన్నారు. నేను నమ్మాను. గెమెతి ఆ వేళ నీళ్ళు పోసి దిగుతూ ఆగింది.

"నాన్నా, గాదెకి పొయ్యెందుకు?"

నేను వెనక్కి తిరిగి చూశాను. మూడు పొయ్యిలు. పక్కన నీళ్ళ తొట్టి. లోపలి గదిలో నలుగురు పడుకునేంత వెడల్పు మట్టి అరుగు. వాకిలి సరిగ్గా మా గొట్టం ఉన్న చోటికి తెరుచుకుంటోంది. మా నడిమి గది ఉర్దున్ వాకిలి కిందకు వచ్చింది. అప్పటికే ఊళ్ళో జనం దానికి పేరు పెట్టుకున్నారు. పెద్దిల్లు అంటున్నారు. నేను ఒక్కణ్ణే ఆఖర్న విన్నాను.

విత్తనాలు చల్లే ముందు దిబ్బ పూర్తయింది. సభ ఈసారి కింద కాదు, పైన కూర్చుంది, పెద్దింటి వాకిట్లో. పాబిల్గ తాతను ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. ఆయాసం తీరేదాకా కూర్చుని, గాలిలో తల తిప్పి, ఇంత ఎత్తున గాలి కూడా వేరేగా ఉందన్నాడు.

"నాయనా ఉర్దున్, మా తాతలు కూడా చూడని పని చేశావు. గద అమ్మవారికిచ్చేసి, ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకో ఇంక."

"ఇస్తాను తాతా," అన్నాడు ఉర్దున్. "ముందు పలక చదివించండి."

నేను లేచి చదివాను. నేను నొక్కిన గుర్తులే. ఆఖరి ఇటుక పడేదాకా.

"పడలేదు తాతా," అన్నాడతను.

ఎవరికీ అర్థం కాలేదు. అతను వచ్చి పాబిల్గ తాత చెయ్యి పట్టుకుని, మెల్లగా నడిపించుకుంటూ వాకిలి మధ్యకు తీసుకొచ్చాడు. ఆ ముసలి చేతిని గొట్టం మూతి మీద పెట్టించాడు. చుట్టూ ఉన్న గుంట తడిమించాడు. పొద్దున మేం పోసిన నీళ్ళు అంచున ఇంకా తడిగానే ఉన్నాయి.

"ఒక్కటుంది. చూశారుగా. ఇటుక తెప్పించి నా చేత్తోనే ఇప్పుడే పెడతా. బావ ఊఁ అంటే చాలు."

అతని గొంతులో వెటకారం లేదు. ఉంటే నాకు కొంత నయంగా ఉండేది. చిన్నప్పుడు రొట్టె ఇంకొకటి కావాలని అషాగ్‌ను అడిగిన గొంతే అది.

సభ మొత్తం నా వైపు తిరిగింది. ఎంతమంది ఉన్నారో అంతమందీ. ఆ మూతి చుట్టూ ఒక చీమ బార్లీ గింజను ఈడుస్తూ తిరగడం చూశాను. గింజ దానికంటే పెద్దది. అంచు దాకా తెచ్చి, వదిలి, మళ్ళీ పట్టుకుంటోంది. నేను ఊఁ అనాలి, అంతే. ఆ ఒక్క అక్షరం కోసం నోరు తెరిచాను. తెరిచిన నోట్లోంచి గాలి తప్ప రాలేదు. ఆడవాళ్ళ వరసలో గెమెతి చెంబు రెండు చేతులతో గుండెకు ఆనించుకుని నిలబడి ఉంది. నా వైపే చూస్తోంది. ఏం చెప్పమంటోందో ఆ చూపులో నాకు తెలియలేదు.

ఉర్దున్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఆయన్ని ఇబ్బంది పెట్టకండి," అన్నాడు సభతో. "ఆయనకి ఎప్పుడు మనసైతే అప్పుడే. అక్క మీద ప్రేమ నాకు మాత్రం లేదా?"

సభ లేచింది. మెట్లు దిగి ఎవరి ఇళ్ళకు వాళ్ళు పోయారు.

మా ఇంట్లో గొట్టం మీద చెయ్యి పెట్టి ఏడ్చిన రోజే అతనికి ఇది తెలుసా, లేక పొయ్యిలు కట్టించేటప్పుడు తట్టిందా, నేను చెప్పలేను. ఆ ఏడుపు అబద్ధం కాదు. భుజాలు కదలడం చూశాను. గడువు చెప్పిందీ నేనే, చోటు అడిగిందీ నేనే. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఊహ, మాటలు జాగ్రత్తగా వాడతాడని పేరున్న నాకు, వేసవంతా ఒక్కసారి కూడా రాలేదు.

మర్నాడు పాబిల్గ తాత బడికి వచ్చాడు. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పిల్లలు గుర్తులు నొక్కడం ఆపి ఆయన్నే చూస్తుంటే వాళ్ళను బయటికి పంపాను.

"అషాగ్‌ని నేను ఎత్తుకు తిరిగినవాణ్ణి," అన్నాడు. "దానికి నీళ్ళు ఆపెయ్యమని చెప్పడానికే వచ్చా పంతులూ. దారిపొడుగునా అదే అనుకుంటూ వచ్చా. ఇప్పుడు నోరు రావట్లేదు."

నాకూ రాలేదని చెప్పాను. ఇద్దరం కొంచెం బీరు తాగాం. ఆయన లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన్ని దిబ్బ మెట్లు ఎక్కనివ్వలేదు. ముసలాయన పడిపోతాడని పెద్దమనిషిగారికి బెంగ అన్నారు. సభ మళ్ళీ కూర్చోలేదు. ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు.

విత్తనాలు మొలకెత్తుతుండగా ఉర్దున్ కాలువ అవతలి ఊరి మీదికి మనుషులను పిలిచాడు. ఇంటికొకరన్నాడు. గాదెలు కాల్చినందుకు బదులు అన్నాడు. ఇంతకుముందైతే ఆ మాట సభలో పడేది, పది రోజులు నలిగేది. ఈసారి పొద్దున చెప్పారు, మధ్యాహ్నానికి బయల్దేరారు. అకల్లాకు కొడుకులు లేరు కనుక అతనే పోయాడు. వెళ్ళేముందు బడి గుమ్మంలో ఆగి, రెండు గొట్టం ముక్కలు దించాడు.

"ఎందుకైనా మంచిదని కాల్చి ఉంచా. మీ బావమరిది ఇంకా పైకి కడతాడేమో."

ఇక పెరగదని అన్నాను. పని ముగియకూడదనే ఆ చోటు వదిలాడు కదా అన్నాడు అకల్లా, నా మొహం చూడకుండా.

పద్దెనిమిది మంది తిరిగి రాలేదు. అకల్లా వాళ్ళలో ఒకడు. శవం కూడా రాలేదు కనుక అతని ఇంట్లో గొట్టం వేయడానికి నేల కింద ఏమీ లేదు. అతని భార్య పెరట్లో ఉత్త నేల మీద నీళ్ళు పోస్తోందని గెమెతి చెప్పింది. చెప్పి, తలుపు దగ్గరే నిలబడింది. ఏడుస్తోందనుకున్నాను. ఏడవడం లేదు.

మూడో రోజున గెమెతి ఒక ఇటుక చేసింది. కాలువ మట్టి తెచ్చి, గడ్డి కలిపి, బడి వాకిట్లో ఎండబెట్టింది. పైన తన బొటనవేలి గుంట. ఆరాక పొట్టకు కట్టుకుని దిబ్బ ఎక్కింది, వెనక నేను. ఈటెలవాళ్ళు చెంబునే చూశారు. గొట్టం మూతి పక్కన, గోడ నీడలో, ఇటుకను దించింది. గొట్టంలో నీళ్ళు పోసింది. చెవి ఆనించింది.

"అందాయా?" అని అడిగాను.

"నాకెప్పటినుంచో వినపడట్లేదు నాన్నా," అంది. "నువ్వు బాధపడతావని చెప్పలేదు."

తర్వాత ఇటుక వైపు చూపించింది. "నేను చేయగలిగింది ఇంతే. పెట్టేది నువ్వే."

పెడితే ఉర్దున్ గద ఇస్తాడా అన్నది నాకు తెలియదు. పెట్టకపోతే ఇవ్వడన్నది తెలుసు. ఊళ్ళో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. వీధిలో ఎదురైతే ముందులాగే పంతులూ అని పలకరిస్తారు, దారి ఇస్తారు. అకల్లా భార్య కూడా.

ఈ పొద్దున కూడా చెంబు తీసుకుని ఎక్కాను. గెమెతి రావడం మానేసింది. నీళ్ళు పోశాను. చప్పుడు లేదు. మూతి పక్కన ఇటుక అలాగే ఉంది. ఎండకు బాగా గట్టిపడింది. చోటు కొలిచినట్టు సరిపోతుంది. చేత్తో ఎత్తి చూశాను, బరువు లేదు. మళ్ళీ దించాను.

ఇంకా పెట్టలేదు.